చేతిలో సెల్లు... తోటివాడి గుండెలో ముల్లు

నేటి యుగం సాంకేతిక యుగం అని చిన్నపిల్లవాడు సైతం చెబుతాడు. ఇంటికి ఒక కార్డుముక్క రాసి, జవాబు కోసం పదిరోజులు ఎదురుచూసిన తరం మాది. రూపాయి బిళ్ళ చేతిలో పట్టుకుని కాయిన్ బాక్సు దగ్గర వరుసలో నిలబడినవాళ్ళం. ఈనాడు హాస్టల్లో మంచం మీద కూర్చునే తమ్ముడు తన తల్లి ముఖం చూస్తూ మాట్లాడుతున్నాడంటే మాకు సంతోషమే. స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్ టికెట్, పోటీ పరీక్షల పాఠాలు అన్నీ ఆ చిన్న పెట్టెలోనే ఉన్నాయి. ఆ మేలును కాదనేంత మూర్ఖులం కాము.

కానీ అదే పెట్టె తోటి విద్యార్థిని ఏడిపించే ఆయుధంగా కూడా మారింది. దీన్నే పత్రికలవాళ్ళు సైబర్ వేధింపులు అంటున్నారు. పేరు పెద్దదిగా ఉంది కాబట్టి ఇది హైదరాబాదులోనో, బెంగుళూరులోనో జరిగే విషయం అనుకోవద్దు. నల్లమల మధ్యన, శ్రీశైలంలో ఉన్నవాళ్ళకు కూడా ఇది చేరింది. వార్షికోత్సవ సంచికలో పాత జ్ఞాపకాలు రాయమని అడిగితే, మేము ఈ విషయం రాస్తున్నాం. ఎందుకంటే ఇందులో మా తప్పు కూడా ఉంది.

అప్పుడు లేదా?

మేము చదివే రోజుల్లో ఏడిపించడం లేదా అంటే, ఉంది. ఉన్నదాన్ని దాచడం ఎందుకు? నల్లగా ఉన్నవాడికి ఒక పేరు, బక్కగా ఉన్నవాడికి ఒక పేరు, రాత్రిళ్ళు ఇంటిమీద బెంగతో ఏడ్చేవాడికి ఒక పేరు పెట్టాం. మా గదిలో ఒక మిత్రుడికి మాట తడబడేది. వాడికి మేము పెట్టిన పేరు ఇక్కడ రాయము. హాజరు పిలిచేటప్పుడు వాడు "ప్రెజెంట్ సార్" అనడానికి పడే అవస్థ చూసి మేమంతా నవ్వేవాళ్ళం. అది తప్పని అప్పుడు తెలియలేదు. తెలిసినా, అందరితో పాటు నవ్వడం సులభంగా ఉండేది.

అయితే ఆ రోజుల్లో ఏడిపించడానికి మూడు హద్దులు ఉండేవి. మొదటిది చోటు. హాస్టల్లో పుట్టిన మాట హాస్టల్ గోడ దాటేది కాదు, సెలవులకు ఇంటికి పోతే వాడు తల్లికి ముద్దుబిడ్డే. రెండోది వేళ. రాత్రి లైట్లు ఆర్పగానే అందరి నోళ్ళూ మూతపడేవి. మూడోది ముఖం. ఎవడు ఏమన్నాడో ఎదురుగా కనిపించేది, ఏడిపించినవాడికి కూడా ఎదుటివాడి కళ్ళలో నీళ్ళు కనిపించేవి. కన్నీళ్ళు చూశాక ఎంతటివాడైనా కాస్త తగ్గుతాడు. లేదంటే పక్క మంచం మీది పెద్దన్న ఒకడు "ఒరేయ్, ఇక చాలించండ్రా" అని కసిరేవాడు. మరునాడు ఇంటి నుంచి తెచ్చిన ఊరగాయ డబ్బా తెరిస్తే, ఏడిపించినవాడూ ఏడ్చినవాడూ ఒకే కంచం దగ్గర చేరేవారు.

సెల్‌ఫోను ఈ మూడు హద్దులనూ చెరిపేసింది. చోటు లేదు, వేళ లేదు, ముఖం లేదు. సాంకేతిక పరిజ్ఞానం మనిషిలో కొత్త దుర్గుణాన్ని పుట్టించలేదు. పాత దుర్గుణానికి ఉన్న కట్టలు తెంచింది. మేము చెప్పదలచుకున్నది ఇదే.

శిఖరం దాటిన బస్సు

మాకు తెలిసిన ఒక హాస్టల్లో జరిగింది చెబుతాం. ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రవాడు. చిరిగిన బనీనుతో, నోరు తెరుచుకుని నిద్రపోతుంటే పక్క మంచం పిల్లవాడు ఫోటో తీశాడు. సంక్రాంతి సెలవుల్లో దాన్ని స్టిక్కరుగా చేసి, కింద ఒక వెకిలి మాట రాసి, గ్రూపులో పెట్టాడు. అప్పుడు ఆ కుర్రవాడు బస్సులో ఉన్నాడు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కితే చాలాచోట్ల సిగ్నల్ ఉండదని మనకు తెలిసిందే. అడవి దాటి, శిఖరం దాటి, ఊరి దగ్గరకు వచ్చేసరికి జేబులో ఫోను ఆగకుండా మోగింది. వందకు పైగా మెసేజీలు! అన్నీ తన ఫోటో మీదే. వాడు ఒక్క మాట జవాబు చెప్పకముందే తీర్పు అయిపోయింది.

రెండు రోజుల్లో ఆ స్టిక్కరు కళాశాలలో డే స్కాలర్ల ఫోన్లకు, అక్కడి నుంచి వాడి సొంత ఊరి పిల్లల ఫోన్లకు చేరింది. తరగతిలో ఎవరైనా ఫోను చూసి నవ్వితే తనను చూసే నవ్వుతున్నారని వాడికి అనిపించేది. వేసవి తరువాత వాడు తిరిగి రాలేదు. ఫోటో తీసినవాడిని మేము అడిగాం. "ఊరికే జోక్ చేశానన్నా, ఇంత అవుతుందని అనుకోలేదు" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆ గ్రూపులో ఎనభై మంది ఉన్నారు. ఫోటో తీసినవాడు ఒక్కడే. మిగిలినవాళ్ళు నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళు, పక్క గ్రూపుకు పంపినవాళ్ళు, చూసి మాట్లాడకుండా ఊరుకున్నవాళ్ళు. "ఇది తీసేయరా" అని ఒక్కడు రాసి ఉంటే ఆ కుర్రవాడు ఈపాటికి డిగ్రీలో ఉండేవాడేమో!

ఎలా పెరిగింది?

2004లో ఆర్కుట్ వచ్చినప్పుడు ఇంటర్నెట్ సెంటరుకు పోయి గంటకు ఇంత అని డబ్బు కట్టి చూడాల్సి వచ్చేది. మన హాస్టల్ పిల్లలకు అది అందని ద్రాక్షే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చౌక అయింది. 2020లో కరోనా వచ్చి హాస్టళ్ళు మూతపడ్డాయి. పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. కూలికి పోయే తల్లిదండ్రులు అప్పు చేసి మరీ పిల్లలకు ఫోన్లు కొనిచ్చారు. ఫోను ఎలా వాడాలో నేర్పినవాళ్ళు ఉన్నారు గాని, ఫోనులో తోటివాడితో ఎలా మెలగాలో నేర్పినవాళ్ళు లేరు.

వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు 256 మందికే చోటు ఉండేది. 2022లో దాన్ని 1024కు పెంచారు. అంటే ఒక్క వేలు నొక్కితే, మన భోజనశాలలో పట్టే జనానికి ఎన్నో రెట్ల మంది ముందు ఒకరిని నిలబెట్టవచ్చు. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా తోడైంది. 2023 నవంబరులో సినీనటి రష్మిక మందన్న ముఖాన్ని వేరే యువతి శరీరానికి అతికించిన నకిలీ వీడియో దేశమంతా తిరిగింది. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది మన గుంటూరు ప్రాంతపు చదువుకున్న యువకుడినే. పేరున్న నటి కాబట్టి పోలీసులు కదిలారు, పత్రికలు రాశాయి. అదే పని ఒక హాస్టల్ అమ్మాయికి జరిగితే?

ఆ అమ్మాయికి జరిగేది మనకు తెలుసు. ఆమె పేరుతో దొంగ ఖాతా తెరిచినా, ఫోటో మార్చి తిప్పినా, ఇంట్లో మొదట అడిగేది "ఎవడు చేశాడు" అని కాదు, "నువ్వేం చేశావు" అని. మరుసటి వారం టి.సి. తీసుకుంటారు, ఆ మరుసటి నెల సంబంధం చూస్తారు. మన కరువు సీమలో ఆడపిల్ల పదో తరగతి దాటి హాస్టలుకు రావడమే ఒక యుద్ధం. ఎవడో నవ్వులాటకు చేసిన పనితో ఆ యుద్ధం ఓడిపోతోంది.

పుకారు కూడా వేధింపే. 2024 ఆగస్టు చివర కృష్ణా జిల్లా గుడ్లవల్లేరులో ఒక ఇంజనీరింగ్ కళాశాల అమ్మాయిల హాస్టల్లో రహస్య కెమెరాలు పెట్టారనే వార్త ఫోన్లలో గుప్పుమంది. అర్ధరాత్రి వందలమంది విద్యార్థులు రోడ్డెక్కారు. తనిఖీ చేసిన పోలీసులు రహస్య కెమెరాలు దొరకలేదని చెప్పారు. ఆ అమ్మాయిల భయం అబద్ధం కాదు. న్యాయం అడగడం తప్పు కాదు. కానీ విచారణ మొదలు కాకముందే కొందరిని దోషులుగా తేల్చి ఫోన్లలో తిప్పితే, తరువాత ఏమి తేలినా వాళ్ళ పరువు వెనక్కి రాదు.

మనకే ఎందుకు ఎక్కువ గుచ్చుకుంటుంది?

ఏడిపించేవాడు ఎప్పుడూ బలహీనత వెతుకుతాడు. సంక్షేమ హాస్టల్ విద్యార్థికి సంబంధించినవి అందరికీ తెలిసినవే. కులం, తండ్రి చేసే కూలిపని, ప్రభుత్వం ఇచ్చిన దుప్పటి, వరుసలో పట్టుకున్న కంచం. కళాశాలలో "హాస్టలోడు" అనే ఒక్క మాటలో ఇవన్నీ ఇమిడి ఉంటాయి. ఒకప్పుడు ఆ మాట చెవిలో పడి పోయేది. ఇప్పుడు అది రాతపూర్వకంగా, బొమ్మతో సహా, పదిమంది ఫోన్లలో నిలిచి ఉంటుంది.

2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. గిరిజన కుటుంబం నుంచి వచ్చి, ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, పి.జి. మొదటి సంవత్సరంలో ఉన్న డాక్టరమ్మ ఆమె. ఒక సీనియర్ వాట్సాప్ గ్రూపులో తనను చులకన చేస్తూ రాశాడని, గ్రూపులో అలా పెట్టవద్దని, ఏదైనా ఉంటే విభాగాధిపతికి చెప్పమని ఆమె అతన్ని కోరిందని అప్పటి పోలీస్ కమిషనర్ విలేఖరులకు తెలిపారు. ఆమె ఫిబ్రవరి 26న హైదరాబాదు నిమ్స్‌లో కన్నుమూసింది. ర్యాగింగ్ నిషేధ చట్టం కిందా, ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం కిందా పోలీసులు కేసు పెట్టారు. నేరం ఎవరిదో తేల్చడం కోర్టు పని. మనం తెలుసుకోవలసింది ఒకటే. అంత చదువు చదివి, ప్రాణాలు నిలబెట్టే స్థాయికి చేరినా పదిమంది ముందు జరిగిన అవమానం మనిషికి తేలిక కాదు. అలాంటప్పుడు పదహారేళ్ళ పిల్లవాడు తట్టుకోవాలని మనం ఎలా అంటాం?

ఇక్కడ ఒక చేదు నిజం కూడా ఒప్పుకోవాలి. బయటివాళ్ళు మనల్ని అన్నప్పుడు మనకు కోపం వస్తుంది. కానీ హాస్టల్ గ్రూపులో మనవాళ్ళనే మనం ఏడిపిస్తాం. పెంట నుంచి వచ్చిన చెంచు తమ్ముడి మాట తీరును రికార్డు చేసి తిప్పింది బయటివాడు కాదు. ఒకే పప్పు, ఒకే చారు తిన్న చేతులే అవి.

ఫోన్లు లాక్కుంటే సరిపోతుందా?

కొందరు పెద్దలు ఫోన్లన్నీ వార్డెన్ గదిలో పెట్టి తాళం వేయాలంటారు. చదువుకునే వేళ, నిద్రపోయే వేళ ఫోను పక్కన పెట్టాలన్న నియమం మంచిదే. చిన్న తరగతులకు అవసరం కూడా. కానీ పూర్తిగా లాక్కోవడం మందు కాదు. దాచి తెచ్చుకున్న ఫోనులో వేధింపు ఇంకా రహస్యం అవుతుంది. బాధ పడ్డవాడు చెప్పుకోవడానికి కూడా భయపడతాడు. ఫోను ఉందని చెబితే ముందు తనకే దెబ్బలు పడతాయి కదా!

పైగా మన హాస్టళ్ళకు ఫోను చేసిన మేలు ఉంది. నీళ్ళ పప్పు, పురుగుల బియ్యం, తలుపుల్లేని మరుగుదొడ్లు ఫోటో తీసి అధికారులకు పంపితే కదలిక వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అది వేధింపు కాదు, అది హక్కు. సౌకర్యాలు అడిగిన విద్యార్థి నోరు మూయించడానికి ఎవరూ ఈ వ్యాసాన్ని వాడుకోకూడదు. తేడా సులభం. పై అధికారిని జవాబు అడగడానికి తీసిన ఫోటో వేరు, పక్క మంచం వాడిని నవ్వులపాలు చేయడానికి తీసిన ఫోటో వేరు. మొదటిది గొంతు లేనివాడికి గొంతు ఇస్తుంది, రెండోది ఉన్న గొంతు కూడా నొక్కేస్తుంది.

చట్టం ఉంది, తెలుసుకుందాం

ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. ఏడిపించడం, సిగ్గుపడేలా చేయడం, అవమానించడం కూడా దాని ప్రకారం నేరమే, ఆరు నెలల వరకు జైలు ఉంటుంది. సీనియర్లు వాట్సాప్ గ్రూపుల ద్వారా జూనియర్లను వేధించడాన్ని కూడా ర్యాగింగ్‌గానే చూడాలని 2025లో యు.జి.సి. కళాశాలలకు చెప్పింది. సమాచార సాంకేతిక చట్టం 2000 ప్రకారం ఇతరుల పాస్‌వర్డు దొంగతనంగా వాడినా, ఆంతరంగిక ఫోటోలు తీసి పంపినా మూడేళ్ళ వరకు జైలు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల అశ్లీల చిత్రాలైతే ఇంకా కఠినం. కులం పేరుతో ఆన్‌లైన్‌లో అవమానించినా 1989 అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది.

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ అనే సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. నచ్చని మాట రాసిన ప్రతివాడినీ జైలుకు పంపే వీలు దానిలో ఉండేది కాబట్టి. అది మంచిదే. ఎందుకంటే ప్రతి జోకునూ పోలీసు స్టేషన్‌కు తీసుకుపోవాలని మేము అనడం లేదు. స్టేషన్ వరకు పోవలసిన అవసరం రాకముందే గదిలో ఆగిపోవాలి అంటున్నాం.

మా గ్రూపులో జరిగింది

ఇక మా తప్పు చెబుతాం. 2018లో మా బ్యాచ్ వాళ్ళం పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో, పొలాల్లో, వలసల్లో ఉన్నవాళ్ళమంతా కలిశాం. ఆనందం పట్టలేక పాత పేర్లన్నీ బయటికి తీశాం. మాట తడబడే మిత్రుడిని కూడా పాత పేరుతోనే పిలిచాం. వాడి మాటను అనుకరిస్తూ ఒకడు వాయిస్ మెసేజ్ పెడితే అందరం నవ్వాం. నాలుగు రోజుల తరువాత వాడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. "ఉద్యోగం వచ్చింది కదా, పొగరు" అనుకున్నాం.

రెండేళ్ళ తరువాత ఒక పెళ్ళిలో కలిసినప్పుడు వాడే చెప్పాడు. "ఆ వాయిస్ మెసేజ్ మా పిల్లోడు విన్నాడ్రా. నాన్నా, నిన్ను వీళ్ళు ఎందుకు ఇట్లా అంటున్నారు అని అడిగినాడు. ఏం చెప్పాలో తెలియలేదు." ఆ మాట చెప్పేటప్పుడు వాడు తడబడలేదు. మేమే తలలు దించుకున్నాం.

శ్రీశైల శిఖరం చూస్తే పునర్జన్మ ఉండదని మన పెద్దల నమ్మకం. ఫోనులో పడ్డ అవమానానికి మాత్రం జన్మల మీద జన్మలు. హాస్టల్ గదిలో చచ్చిపోయిందనుకున్న మాట ఇరవై ఏళ్ళకు మళ్ళీ లేచి ఒక తండ్రిని కొడుకు ముందు చిన్నబుచ్చింది. ఈ సంచిక వాడి చేతికి కూడా వస్తుంది. పేరు రాయడం లేదు. రేయ్, మమ్మల్ని క్షమించు.

మనం చేయగలిగింది

ఉపన్యాసాలతో పని జరగదు కాబట్టి కొన్ని పనులు సూచిస్తున్నాం.

హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే అందరూ కూర్చుని ఒక మాట అనుకోవాలి. అడగకుండా ఎవరి ఫోటో తీయము, నిద్రపోయేటప్పుడూ స్నానం చేసేటప్పుడూ అసలే తీయము. కులం, రంగు, మాట, కుటుంబం మీద జోకులు పెట్టము. ఇది వార్డెన్ సార్ రాసి అతికించే నియమం కాకూడదు, పిల్లలే తమ చేత్తో రాసుకోవాలి.

గ్రూపు నడిపేవాడికి బాధ్యత ఉండాలి. తప్పు మెసేజ్ వస్తే వెంటనే తీసేయాలి. అడ్మిన్ అంటే పెత్తనం కాదు, కాపలా.

చూసినవాడు ఊరుకోకూడదు. "తీసేయరా" అనే ఒక్క మాట చాలు. అందరి ముందు అనడానికి భయమైతే విడిగా అయినా రాయండి. బాధ పడ్డవాడి దగ్గరకు పోయి కూర్చోండి. మా కాలంలో పక్క మంచం మీది పెద్దన్న చేసిన పని ఇదే. ఆ పెద్దన్న స్థానం ఇప్పుడు గ్రూపులో ఖాళీగా ఉంది. మీలో ఎవరో ఒకరు దాన్ని తీసుకోవాలి.

బాధ పడ్డ తమ్ముడా, చెల్లెమ్మా, తప్పు నీది కాదు. కోపంలో మెసేజీలు తుడిచేయవద్దు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. నమ్మకమైన ఒక పెద్దవాళ్ళకు చెప్పు. ఆ ఒక్కరు నమ్మకపోతే ఇంకొకరికి చెప్పు. సైబర్ నేరాల సహాయ నంబరు 1930, పిల్లల సహాయ నంబరు 1098. మనసు బరువైతే, బతుకు మీద విరక్తి కలిగితే 14416కు చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఇవి కాగితం మీద రాసి తలుపు వెనక అతికించుకోండి, ఫోను లాక్కున్నా కనిపిస్తాయి.

వార్డెన్లకు, ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు "నీకు ఫోను ఎక్కడిది" అని మొదలు పెట్టవద్దు. "ఏమైంది నాయనా" అని అడగండి. తప్పు చేసినవాడు కూడా పిల్లవాడే. వాడిని వెళ్ళగొట్టి చేతులు దులుపుకోవడం కన్నా, తాను ఎవరిని బాధపెట్టాడో వాడి ముందు కూర్చుని తెలుసుకునేలా చేయండి.

పూర్వ విద్యార్థి మిత్రులారా, మన గ్రూపులను కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుందాం. మనం మారకుండా తమ్ముళ్ళకు నీతులు చెబితే వాళ్ళు నవ్వుతారు, నవ్వాలి కూడా.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఈ కాలంలో వేలు జారినా అంతే. మనమందరం ఒకరికొకరు తప్ప వేరే అండ లేనివాళ్ళం. తల్లిని, ఊరిని వదిలి వచ్చిన పిల్లవాడికి పక్క మంచం వాడే అన్న, వాడే తమ్ముడు. పంపే ముందు ఒక్క క్షణం పక్క మంచం వైపు చూడండి. అక్కడ నిద్రపోతున్నవాడు మిమ్మల్ని నమ్మి నిద్రపోతున్నాడు.